డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు, మడ్డి చేరితే: ట్రాక్టర్ ఉన్నవాళ్లు సొంతంగా చేసుకోగల పని

సార్వా దమ్ము మధ్యలో ట్రాక్టర్ ఆగిపోతే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో బండి ఉన్నవాళ్లకే తెలుసు. కాలవ నీళ్లు మన వంతు దాటితే మళ్లీ ఎప్పుడో. నాట్లకు మాట్లాడుకున్న మనుషులు పొద్దున్నే వచ్చి గట్టు మీద కూర్చుంటారు. కొన్నేళ్ల కిందట మా బండి సరిగ్గా అలాంటప్పుడే మొండికేసింది. ఖాళీగా తిప్పితే బాగానే ఉంటుంది, కేజీ వీల్స్ బురదలో దిగి లోడ్ పడగానే ముక్కి ఆగిపోతుంది. వచ్చిన మెకానిక్ పైపైన చూసి డీజిల్ పంపు దింపాలన్నాడు. మా పాత డ్రైవర్ మాత్రం, "పంపుకేం కాలేదండి బాబుగారూ, ముందా ఫిల్టర్ కింది కప్పు విప్పి చూడండి" అన్నాడు. విప్పితే టీ గ్లాసుడు నీళ్లు, అడుగున ఎర్రటి తుప్పు పొడి. ఫిల్టర్లు మార్చాం, బండి నడిచింది. మూడో రోజు మళ్లీ ఆగింది. తప్పంతా పాక బయట ఉన్న డీజిల్ డ్రమ్ముది. ఫిల్టర్ తన పని తాను చేస్తోంది, మేమే దానికి రోజూ మురికి పోస్తున్నాం.

అందుకే ఫిల్టర్ విప్పినప్పుడు అందులో ఏముందో చూడకుండా పారేయవద్దు. ఆ మురికి ఎక్కడి నుంచి వచ్చిందో అదే చెబుతుంది.

ఇక్కడ రాసింది మామూలు పంపు ఉన్న ట్రాక్టర్లకు. ఆ పంపు తయారుచేసే కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా మన మెకానిక్‌ల నోట అది ఇప్పటికీ మైకో పంపే. సీఆర్‌డీఐ (చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే రకం) ఇంజన్ ఉన్న కార్లు, పికప్‌లు, కొత్త ట్రాక్టర్ల సంగతి చివర్లో విడిగా చెబుతాను. ఆ బండి ఉన్నవాళ్లు అది చదవకుండా పానా పట్టుకోవద్దు.

ముందు డీజిల్ దారి తెలియాలి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు వస్తుంది. చేత్తో కొట్టే ప్రైమర్ సాధారణంగా దాని మీదే ఉంటుంది. అక్కడి నుంచి మొదటి ఫిల్టర్, తర్వాత రెండో ఫిల్టర్, ఆ తర్వాత ఒత్తిడి పెంచే పెద్ద పంపు, చివరికి ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నోజిళ్లు. కొన్ని బండ్లకు ఫీడ్ పంపు దగ్గర చిన్న జాలీ, మొదటి ఫిల్టర్ కింద గాజుదో లోహపుదో కప్పు ఉంటాయి. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి ఆ కప్పు అడుగుకు దిగిపోతాయి. కప్పు నిండిపోతే ముందుకు పోతాయి. పెద్ద పంపులో, నోజిళ్లలో భాగాలు ఒకదానిలో ఒకటి వెంట్రుక సందు కూడా లేకుండా ఆడుతుంటాయి. వాటికి వేరే ఆయిల్ లేదు, డీజిలే వాటి తడి. అక్కడికి నీళ్లు చేరాయంటే రాపిడి, తుప్పు మొదలైనట్టే. ఫిల్టర్ల ఖర్చు వందల్లో పోతుంది, పంపు పనికి వేలల్లో అవుతుంది.

తప్పు ఫిల్టర్‌దేనా?

బండి పవర్ తగ్గగానే ఫిల్టర్ మీదకు పోవద్దు. పొగ చూడండి. లోడ్ పడినప్పుడు నల్లగా పొగ కక్కుతుంటే డీజిల్ అందుతోంది, గాలి అందడం లేదని అర్థం. ముందు ఎయిర్ క్లీనర్ చూసుకోండి. నోజిల్ పాడైనా నల్ల పొగ వస్తుంది. పొగ పెద్దగా లేకుండానే పవర్ చచ్చిపోతుంటే, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఆర్‌పీఎం ఎక్కకపోతుంటే, అప్పుడు డీజిల్ దారి మీద అనుమానపడాలి. తెల్ల పొగ వేసి ఎగిరెగిరి నడుస్తుంటే నీళ్లు కలిసి ఉండవచ్చు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కాస్త తెల్ల పొగ మామూలే, దానికి కంగారు వద్దు.

తర్వాత ట్యాంకు మూత. ఇది ఉచితంగా అయ్యే పరీక్ష, అయినా చాలామంది మర్చిపోతారు. మూతకు గాలి పోవడానికి సన్నటి దారి ఉంటుంది. బురద పట్టి అది మూసుకుపోతే, డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి లేక పంపుకు డీజిల్ రాదు. బండి ముక్కుతున్నప్పుడు మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి బండి కోలుకుంటే మూత కడిగితే సరిపోతుంది, మిగతా పనేమీ అక్కర్లేదు.

మూత బాగానే ఉంటే ప్రైమర్‌తో చూడండి. ఇంజన్ ఆపి, మొదటి ఫిల్టర్‌కు డీజిల్ వచ్చే పైపు నట్టు కొంచెం వదులు చేసి, కింద గిన్నె పెట్టి ప్రైమర్ కొట్టండి. ధార బలంగా రావాలి. రాకపోతే తప్పు ఫిల్టర్‌కు ముందే ఉంది: ట్యాంకులో జాలీ, ట్యాంకు ట్యాప్, నలిగిన రబ్బరు పైపు, ఫీడ్ పంపు జాలీ, లేదా ఫీడ్ పంపే. అక్కడ ధార బాగుంటే ఆ నట్టు బిగించి, రెండో ఫిల్టర్ నుంచి పెద్ద పంపుకు పోయే పైపు వదులు చేసి మళ్లీ కొట్టండి. ముందు దగ్గర ధార, తర్వాత దగ్గర చుక్కలు అయితే ఇక అనుమానం లేదు, ఫిల్టర్ నిండిపోయింది.

ఇంకా తేలకపోతే పొలంలో మా డ్రైవర్ చేసే పని చెబుతాను. ఫీడ్ పంపుకు వచ్చే ట్యాంకు పైపు ఊడదీసి, దాని చోట శుభ్రమైన వేరే పైపు పెట్టి, రెండో కొసను తేట డీజిల్ ఉన్న క్యాన్‌లో ముంచుతాడు. ఆ డీజిల్‌తో బండి చక్కగా నడిస్తే ట్యాంకు వైపే తప్పు. అప్పుడు కూడా ముక్కితే ఫిల్టరో, పంపో. ఆ పైపు తెల్లటి పారదర్శకమైనదైతే ఇంకా మంచిది, లోపల బుడగలు పోతున్నాయేమో కంటికి కనిపిస్తుంది. బుడగలు ఆగకుండా వస్తుంటే ఎక్కడో ఎయిర్ పీలుస్తోంది. మురికికీ దానికీ సంబంధం లేదు.

కప్పులో ఏముందో చదవడం

ఇంజన్ చల్లబడ్డాక, ఎండలో కాకుండా నీడలో, దగ్గర బీడీ కాల్చేవాళ్లు లేకుండా చూసుకుని మొదలుపెట్టండి. ఫిల్టర్ బయట పట్టిన బురద, దుమ్ము ముందే బ్రష్‌తో దులిపి డీజిల్‌తో తుడవండి. ఈ పని వదిలేస్తే విప్పగానే బయటి మట్టి లోపల పడుతుంది. ట్యాంకు ట్యాప్ కట్టేయండి. కప్పు కింద స్క్రూ వదులు చేసి, వచ్చేదంతా తెల్లటి గాజు సీసాలో పట్టండి. గాజు సీసానే. ప్లాస్టిక్ డబ్బాలో రంగు తెలియదు.

ఆ సీసాను ఒక అరగంట కదపకుండా ఉంచండి. నీళ్లు అడుగున గాజు గీత గీసినట్టు విడిగా నిలబడతాయి. తేట నీళ్లే అయితే వాన నీళ్లు మూతలోంచి పోయి ఉండాలి, లేదా సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని చెమ్మ గోడలకు పట్టి దిగి ఉండాలి. చేరినవి కొద్ది నీళ్లయితే చాలావరకు ఈ రెండే కారణాలు. ఒక్కసారిగా గ్లాసులకు గ్లాసులు వస్తే నిన్న ఎక్కడ కొట్టించారో, ఏ డ్రమ్ములోంచి పోశారో గుర్తు తెచ్చుకోండి.

సీసా మొత్తం పాలు కలిపినట్టు మసకగా ఉండి ఎంతసేపటికీ తేటపడకపోతే నీళ్లు డీజిల్‌లో సన్నటి తుంపరగా కలిసిపోయాయి. ఈ డీజిల్ కప్పులో విడిపోదు. ట్యాంకులోది తీసేయాల్సిందే.

ఎర్రటి పొడి తుప్పు. ట్యాంకు లోపలి గోడదో, ఇనుప డ్రమ్ముదో. సన్నటి ఇసుక, మట్టి అయితే పొలంలో గాలి వేస్తుండగా గరాటు లేకుండా డీజిల్ పోసిన ఫలితం. నల్లగా, జిగటగా, చెరువు నాచులా వేళ్లకు అంటుకుని, కుళ్లు వాసన వేస్తుంటే అది బ్యాక్టీరియా, ఫంగస్. డీజిల్ కింద నీళ్లు చాలాకాలం నిలిచినచోట, ఆ రెండూ కలిసే పొర మీద ఇవి పెరుగుతాయి. డీజిలే వాటికి తిండి. దాళ్వా అయ్యాక బండిని నెలల తరబడి పాకలో నిలబెట్టేవాళ్లకు ఇది ఎక్కువ. ఫిల్టర్ మార్చినంత మాత్రాన ఈ నాచు పోదు, ట్యాంకు కడగాలి.

సీసా అడుగున మెరిసే లోహపు పొడి కనిపిస్తే ఆగండి. అది బయటి మురికి కాదు, బండిలో ఏదో భాగం అరుగుతోంది. ఆ సీసా పట్టుకుని పంపు పని తెలిసినవాళ్ల దగ్గరకు వెళ్లండి.

శుభ్రం చేయడం

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కాగితపు ఫిల్టర్‌ను కడగకూడదు. కంప్రెసర్ గాలి కొట్టి "ఇంకో సీజన్ వస్తుంది" అని తిరిగి పెట్టేవాళ్లు ఊరికి ఇద్దరైనా ఉంటారు. ఆ గాలికి కాగితంలో కంటికి కనిపించని చీలికలు పడతాయి. తర్వాత బండి నిజంగానే బాగా నడుస్తుంది, ఎందుకంటే డీజిల్ ఇప్పుడు చీలికల్లోంచి మురికితో సహా హాయిగా పోతోంది. అక్కడ మిగిలిన డబ్బు పంపు షాపులో కట్టాల్సి వస్తుంది. పాత బండ్లలో మొదటి ఫిల్టర్ గుడ్డదో ఫెల్ట్‌దో అయితే, కంపెనీ పుస్తకంలో కడగవచ్చని ఉంటేనే, తేట డీజిల్‌లో జాడించవచ్చు. అది కూడా చిరగనంతవరకే. ఆ పుస్తకంలో ఎన్ని గంటలకు మార్చాలో కూడా ఉంటుంది. మన దుమ్ముకు, మన డ్రమ్ము డీజిల్‌కు ఆ లెక్క కంటే ముందే మారిస్తే నష్టం లేదు.

కడగాల్సినవి కప్పు, ఫిల్టర్ కూర్చునే గిన్నె, జాలీలు, ట్యాంకు. మొదటి మూడూ విప్పి తేట డీజిల్‌లో మెత్తటి బ్రష్‌తో కడగండి. నీళ్లు, సబ్బు, పెట్రోలు వద్దు. కడిగాక బనియన్ వేస్ట్‌తో తుడవవద్దు. దాని నూలు పోగులు లోపల అంటుకుని నేరుగా పెద్ద పంపు దాకా పోతాయి. బోర్లించి ఆరనివ్వండి, చాలు. పాత రబ్బరు రింగులు, కాపర్ వాషర్లు అక్కడే పక్కన పడేసి కొత్తవి వేయండి. ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ సరిగా మూయదు, బయటికి డీజిల్ కారకపోయినా లోపలికి ఎయిర్ పీలుస్తుంది.

ట్యాంకు పని కొంచెం పెద్దది. అడుగు ప్లగ్ విప్పి మొత్తం దింపండి. చివర్లో వచ్చే ఒకటి రెండు లీటర్లు విడిగా పట్టుకుంటే అసలు మడ్డి ఎంతుందో తెలుస్తుంది. తర్వాత ఐదు లీటర్ల తేట డీజిల్ పోసి, వీలైతే ట్యాంకు దింపి అటూ ఇటూ ఊపి, మళ్లీ దింపండి. వచ్చే డీజిల్ సీసాలో తేటగా కనిపించేదాకా ఇలా చేయాలి. మాకు మూడుసార్లు పట్టింది. ట్యాంకుకు చిల్లు కనిపించినా ఖాళీ ట్యాంకు మీద వెల్డింగ్ పెట్టించవద్దు. లోపలి ఆవిరి అంటుకుంటే పేలుతుంది. దించిన మురికి డీజిల్‌ను కాలవలోనో గట్టు మీదనో పారబోయకండి. మూత ఉన్న క్యాన్‌లో పట్టి, పాత ఇంజన్ ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి. మడ్డి దిగాక పైన తేరిన డీజిల్‌ను మళ్లీ ట్యాంకులో పోయాలన్న ఆశ అందరికీ ఉంటుంది, నాకూ కలిగింది. పోయకండి.

కొత్త ఫిల్టర్ పెట్టడం

స్క్రూలా తిప్పి బిగించే రకమైతే రబ్బరు రింగుకు వేలితో కాస్త డీజిల్ రాసి, చేత్తో తిప్పండి. రబ్బరు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు చేత్తోనే. పానాతో బిగిస్తే తర్వాత విప్పడానికి ఫిల్టర్‌కు స్క్రూడ్రైవర్ పొడవాల్సి వస్తుంది.

ఫిల్టర్‌ను ముందే డీజిల్‌తో నింపి పెడితే గాలి తీయడం తేలిక అని కొందరు చెబుతారు. సాధారణంగా ఈ రకానికి మధ్య రంధ్రం శుభ్రమైన డీజిల్ బయటికి పోయే దారి. అక్కడ క్యాన్‌లోంచి పోశారంటే వడకట్టని డీజిల్‌ను మీ చేతులతోనే పంపులోకి పంపినట్టు. ఖాళీగానే పెట్టండి, ప్రైమర్ నింపుతుంది.

గాలి తీయడం

ఎక్కువమంది ఇక్కడే విసిగిపోతారు. క్రమం తప్పకపోతే పది నిమిషాల పని. ట్యాంకు కనీసం సగం నింపి ట్యాప్ తెరవండి. మొదటి ఫిల్టర్ పైన ఉన్న చిన్న స్క్రూను ఒకటి రెండు చుట్లు వదులు చేసి ప్రైమర్ కొట్టండి. ముందు గాలి, తర్వాత నురగ, తర్వాత బుడగలు లేని ధార వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి, ప్రైమర్ ఆపాక కాదు. తర్వాత రెండో ఫిల్టర్ స్క్రూ, ఆ తర్వాత పెద్ద పంపు మీది స్క్రూ. ట్యాంకుకు దగ్గరది ముందు, దూరంది తర్వాత. మధ్యలో ఒకటి వదిలేస్తే మళ్లీ మొదటికి రావాలి.

ఇంతవరకు చేశాక ప్రైమర్ గట్టిపడుతుంది. దాన్ని మళ్లీ కిందికి బిగించి సెల్ఫ్ కొట్టండి. అంటుకోకపోతే నోజిళ్ల దగ్గరి పైపు నట్లు సగం చుట్టు వదులు చేసి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. డీజిల్ చిమ్మగానే బిగించండి. అప్పుడు ముఖం, చేతులు ఆ నట్లకు దూరంగా ఉంచండి, ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మంలోకి దిగుతుంది. సెల్ఫ్ ఒక్కోసారి పది సెకన్లకు మించకుండా, మధ్యలో అరనిమిషం ఆగుతూ కొట్టకపోతే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు రెండూ పోతాయి.

అంటుకుని రెండు నిమిషాలు నడిచి ఆగిపోతే ఫిల్టర్ బాగోలేదని తిట్టుకోకండి. ఎక్కడో ఎయిర్ మిగిలింది, లేదా వాషర్ పీలుస్తోంది. మళ్లీ గాలి తీసి, ఈసారి ప్రతి జాయింట్‌ను పొడి గుడ్డతో తుడిచి చూడండి. తడి ఎక్కడ పుడుతుందో అక్కడే లోపం.

సీఆర్‌డీఐ బండ్ల సంగతి

వీటిలో నోజిళ్లకు పోయే పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటి, చాలా బండ్లలో 1600 బార్‌కు పైగా ఉంటుంది. పైన చెప్పిన నోజిల్ నట్టు వదులు చేసే పని ఇక్కడ ప్రాణం మీదకు తెస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆ పైపుల దగ్గర చేయి పెట్టకూడదు, కారుతుందేమోనని వేలితో తడమకూడదు. చర్మంలోకి డీజిల్ దూరితే పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. అయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఈ బండ్లలో మీరు చేయగలిగింది ఒకటే. డాష్‌బోర్డ్ మీద ఫిల్టర్ బొమ్మ, దాని కింద నీటి చుక్కలు ఉన్న లైట్ వెలిగితే పక్కకు ఆపి, ఫిల్టర్ కింద ప్లగ్ ఉంటే పుస్తకంలో చెప్పినట్టు నీళ్లు దింపండి. నీళ్లు పోయి డీజిల్ రావడం మొదలైతే బిగించండి. లైట్ మళ్లీ మళ్లీ వెలుగుతుంటే బండి నడపకుండా వర్క్‌షాప్‌కు తీసుకెళ్లండి. తమ డ్రైవర్ లైట్ కనెక్షన్ పీకేసి నెల తిప్పాడని ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆయన చెప్పాడు. నాలుగు నోజిళ్లూ మార్చాడట.

మళ్లీ రాకుండా

మా డ్రమ్ము కథకు వస్తాను. ఇనుప డ్రమ్మును నిలువుగా బయట పెడితే మూత మీద వాన నీళ్లు నిలిచి, పగలు వేడెక్కి రాత్రి చల్లబడ్డప్పుడల్లా మూత సందుల్లోంచి లోపలికి లాక్కుంటుంది. ఇప్పుడు పాకలో అడ్డంగా, దిమ్మల మీద, వెనకవైపు కొంచెం పల్లంగా పెట్టాం. నీళ్లు, మడ్డి వెనక్కి చేరతాయి, ముందు ట్యాప్‌లోంచి తేట డీజిల్ వస్తుంది. అడుగు నాలుగు వేళ్లు ఎప్పుడూ వాడం. డీజిల్ తెచ్చిన రోజే బండిలో పోయం, ఒక రాత్రి తేరనిస్తాం. పోసేటప్పుడు సన్నటి జాలీ ఉన్న గరాటు వాడతాం.

పని అయ్యాక సాయంత్రమే ట్యాంకు నింపి పెడితే లోపల చెమ్మ పట్టే ఖాళీ ఉండదు. బంకులో ట్యాంకర్ దింపుతుంటే కాసేపు ఆగండి, అప్పుడు అడుగు మడ్డి కదిలి ఉంటుంది. అనుమానం వస్తే సాంద్రత కొలిచి చూపమని అడగండి, అడిగే హక్కు మీకుంది. చూపించిన అంకె బంకులో రాసి పెట్టిన ఆ రోజు అంకెతో పోల్చుకోండి.

కొత్త ఫిల్టర్ మీద మార్చిన తేదీ, మీటర్‌లో గంటలు పెయింట్ మార్కర్‌తో రాయండి. దమ్ము సీజన్‌లో వారానికోసారి కప్పు స్క్రూ విప్పి అదే గాజు సీసాలో పట్టి చూడండి. మా సీసా పంపుసెట్ గదిలో మేకుకు వేలాడుతుంది. మొన్నటి సోమవారం అందులో అడుగున ఒక చిటికెడు ఎర్రపొడి కనిపించింది, కాబట్టి ఈ వారం డ్రమ్ము కూడా దించాలి.